గుఱ్ఱమున్న యిల్లు

"గుఱ్ఱము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అను సామెతను వినని తెలుగువారు అరుదు. పనికి వెనుకాడి, భోజనమునకు మాత్రము ముందుండువానిని ఎత్తిపొడుచుటకు లోకము ఈ మాటను వాడుచుండును. మా యింటిలో మాత్రము దీనిని ఎవరిని గూర్చియు వాడము. ఎందుకనగా మాకు నిజముగనే ఒక గుడ్డి గుఱ్ఱమున్నది. దానికి దాణా పెట్టుట మా నిత్యకృత్యములలో మొదటిది. ఆ సామెతలోని సత్యమెంత, దానిని పాటించుటకు ఒక చిన్న కుటుంబము పడవలసిన పాటెంత అను సంగతిని శ్రోతలకు విన్నవించుటయే మా ఉద్దేశము.

మేము నల్లగొండ జిల్లాలోని పెద్దవూరకు సమీపమున, మూడెకరముల చెల్కలో గుఱ్ఱములను పెంచుకొని జీవించుచున్న వారము. మా లాయములో ఇప్పుడున్నవి మూడు ప్రాణులు. ముత్యాలు అను ముసలి ఆడుగుఱ్ఱము, గౌరి అను దాని కూతురు, గౌరికి పుట్టిన ఏడాది పిల్ల. తాటాకు కప్పు, వేపదూలములు, మట్టినేల గల చిన్న పాక మా లాయము. గుఱ్ఱములను పెంచు ఇల్లనగానే పట్టణవాసులు జీనును, సవారిని, దౌడును ఊహింతురు. మా దినములో సవారికి చెందిన భాగము మిక్కిలి స్వల్పము. మిగిలినదంతయు నీరు, గడ్డి, లద్దె, గిట్టలు, ఈగలు.

మా ప్రాంతమునకు గుఱ్ఱము క్రొత్త గాదు. పెద్దవూర నుండి కొలది దూరములో నేడు నాగార్జునసాగర జలాశయమున్న చోటనే పూర్వము ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఉండెడిది. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఆ వంశమునకు మూలపురుషుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధము చేసినట్లు అచ్చటి శాసనములు చెప్పుచున్నవి. 1955 డిసెంబరు 10వ తేదీన ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. జలాశయము నిండిన పిమ్మట ఆ లోయ యంతయు నీట మునిగినది. రాజుల గుఱ్ఱము దిగ్విజయమునకు పోయినది. రాజ్యములు పోయిన తరువాత జట్కాబండి గుఱ్ఱము రైలుస్టేషనునుండి ప్రయాణికులను ఇండ్లకు చేర్చినది. మోటారు వచ్చిన పిదప జట్కాకు పని తగ్గినది. నేడు మా గుఱ్ఱమునకు మిగిలిన కొలువు పెండ్లి బరాతు ఒక్కటియే.

ఈ క్షీణత మా ఊరికే పరిమితమైనది కాదు. 2012లో జరిగిన పశుగణనలో దేశమంతటను ఆరు లక్షల ఇరువది యైదువేల గుఱ్ఱములు, తట్టువలు ఉండగా, 2019 నాటి గణనలో అవి మూడు లక్షల నలుబదివేలకు దిగినవి. ఏడేండ్లలో దాదాపు సగము తరిగినవన్నమాట. గుఱ్ఱము ఇంకను అవసరమైన చోట్లు లేకపోలేదు. తూర్పు కనుమలలో, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాకు చెందిన పాడేరు, చింతపల్లి మన్యమున, బండి పోజాలని కొండదారులలో గిరిజన కుటుంబములు చిన్న గుఱ్ఱములపై సరకులు వేసి సంతలకు నడిపించుచుందురు. అచ్చట గుఱ్ఱము లేనియెడల మనిషి వీపే బరువు మోయవలెను. మా మైదానమునందు అట్టి అగత్యము లేదు. కావుననే ఇచ్చట గుఱ్ఱము తన దాణాను తానే సంపాదించుకొనవలసి యున్నది.

ఇక మా దినచర్య. తెల్లవారుజామున ఇంకను చీకటి విడువక మునుపే మేము లేతుము. వంటింటి గూటిలోని రేడియోలో ఆకాశవాణి ప్రారంభనాదము మ్రోగగనే లాయములో ముత్యాలు చెవులు రిక్కించి సకిలించును. ఆ నాదము తరువాత నీళ్లు వచ్చునని దానికి తెలిసినది. మొదటి పని నీళ్ల తొట్టి కడిగి నింపుట. మా దేశవాళీ గుఱ్ఱము దినమునకు ముప్పది లీటర్ల వరకు నీరు త్రాగును. ఎండకాలమున పని చేసిన నాడు అంతకంటె చాల హెచ్చుగా త్రాగును. తొట్టిలో రాత్రి మిగిలిన నీటిని చూచి అది ఎంత త్రాగినదో లెక్క గట్టుదుము.

రెండవ పని లద్దె ఎత్తుట. ఇది పిల్లల వంతు. వినువారికి ఇది నీచమైన పనిగా తోచవచ్చును గాని, గుఱ్ఱము ఆరోగ్యమును గూర్చి ఇంతకంటె మంచి సమాచారము వేరొకటి లేదు. లద్దె ఉండలుగా, తేమగా, ఎప్పటి సంఖ్యలో ఉన్నచో కడుపు బాగున్నట్లు. ఎండిపోయి, చిన్నవై, తక్కువగా ఉన్నచో ప్రమాదసూచన. మా పెద్దమ్మాయి బడికి పోవుటకు ముందు లాయపు గోడమీద సుద్దతో ఏ గుఱ్ఱమునకు ఎన్ని మార్లో గీతలు గీయును. పంతులుగారు నేర్పిన కూడికలకంటె ముందుగా దానికి వచ్చిన లెక్క ఇది.

పిల్లలకు మేము నేర్పిన మొదటి నియమము ఒకటి కలదు. పలుకకుండ గుఱ్ఱము దాపునకు పోరాదు. గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచే, తల త్రిప్పకయే తన చుట్టునున్న ప్రదేశమును దాదాపుగా అంతయు చూడగలదు. కాని నుదుటికి సరిగా ఎదుటను, తోకకు సరిగా వెనుకను కొంత భాగము దానికి కనబడదు. ఆ కనబడని చోటునుండి చేయి పడినచో బెదరి తన్నును. అది కోపము కాదు. గడ్డిమైదానములలో పులులకు, తోడేళ్లకు ఆహారమై బ్రతికిన జాతికి పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. కావున మా యింట ముసలివారు మొదలు మూడేండ్ల బిడ్డవరకు లాయపు గడపలో పేరు పెట్టి పిలిచి, బదులుగా చెవి కదలిన పిమ్మటనే లోనికి పోవుదురు. ఈ నియమము మాకు తరువాతి కాలమున ఎంత అక్కరకు వచ్చినదో ముందు చెప్పెదము.

మేతను గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది. ఎద్దు మేత తీరు వేరు, గుఱ్ఱము మేత తీరు వేరు. ఎద్దు గబగబ మేసి, పొట్ట నింపుకొని, నీడను పరుండి నెమరు వేయును. గుఱ్ఱమునకు నెమరు లేదు. దాని శరీరముతో పోల్చినచో జీర్ణకోశము చాల చిన్నది. పీచును పులియబెట్టి సత్తువ తీయు పని యంతయు వెనుకనున్న పెద్దప్రేగులలో జరుగును. అందుచే అది కొంచెము కొంచెముగా, దినములో పదునాలుగు పదునారు గంటలు మేయునట్లు సృష్టింపబడినది. ఒక్కమారు ఎక్కువ పెట్టి గంటలకొలది మాడ్చినచో దానికి శూల వచ్చును. మరియొక కష్టము గూడ కలదు. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. లోపలికి పోయినది మంచిదైనను చెడ్డదైనను ప్రేగులగుండనే బయటికి రావలెను.

మూడువందల కిలోల బరువు గల గుఱ్ఱమునకు దినమునకు ఆరేడు కిలోల ఎండుమేత కావలెను. మా చెల్కగట్లపై మొలచు గరిక దానికి పాయసము వంటిది. వర్షాకాలమున ఆడువారు కొడవళ్లతో గరిక కోసి మోపులు కట్టి తెత్తురు. మిగిలిన కాలమున ఎండుగడ్డి, మట్టి దులిపిన వేరుసెనగ కట్టె. మట్టి దులుపుట ముఖ్యము. మట్టితో తిన్నచో ఇసుక ప్రేగులలో పేరుకొనును. బూజు వాసన కొట్టిన గడ్డిని పెంటలో వేయుదుము గాని గాడిలో వేయము. పచ్చిజొన్న ఎంత ఏపుగా పెరిగినను గుఱ్ఱమును అందు విడువము. లేతజొన్నలో విషమున్నది. పచ్చిజొన్నపైననే చాలకాలము మేపినచో గుఱ్ఱమునకు వెనుకకాళ్లు, మూత్రాశయము చెడును.

దాణా అనగా మాకు ఉలవలు. మా అమ్మ, అనగా మా పిల్లల నాయనమ్మ, ప్రతి సాయంకాలము ఉలవలను ఏరి, కడిగి, నానవేసి, పొయ్యిమీద పెద్ద కుండలో ఉడికించును. ఉడికిన గుగ్గిళ్లు గుఱ్ఱములకు, పైకట్టు ఇంటివారికి. చింతపండు, మిరపకాయ, ఎల్లిపాయ వేసి కాచిన ఆ చారు మాకు రాత్రి భోజనము. విందులలో వెన్న వేసి వడ్డించు ఉలవచారు పుట్టుక ఇట్టి కుండలలోనే జరిగినది. పశువుల పొయ్యి, మనుషుల పొయ్యి ఒకటే అయినప్పుడు ఒకరి పస్తు రెండవవారికి తెలియకుండ ఉండదు.

దాణాను గూర్చి బయటివారు చేయు తప్పొకటి ఉన్నది. పనిలేని నాడును పని ఉన్న నాటివలెనే గింజ పెట్టుట దయ అనుకొందురు. అది దయ కాదు. విశ్రాంతి దినములందు నిండుగా గింజలు తిని, మరునాడు ఒక్కుమ్మడిగా పనికి పోయిన గుఱ్ఱమునకు తుంటి కండరములు బిగిసి, నిలువున చెమట పట్టి, అడుగు కదలనేరదు. అందువలన పనిలేని నాళ్లలో గింజను సగమునకు తగ్గించి, గడ్డిని హెచ్చించుదుము. కడుపు మాత్రము నిండవలెను. సామెతలోని దాణాకు మేము చెప్పుకొను అర్థమిది. గింజ తగ్గవచ్చును గాని మేత తగ్గరాదు.

పోషణ తెలియక గుఱ్ఱములను చంపుకొన్న చరిత్ర దక్షిణదేశమునకు ఉన్నది. పదుమూడవ శతాబ్ది చివర ఈ తీరములకు వచ్చిన మార్కోపోలో, తమిళదేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రముమీదుగా కొని తెచ్చుకొనుచు, వండిన అన్నము, మాంసము పెట్టి, గిట్టలు చూచువారు లేక వానిలో పెక్కింటిని పోగొట్టుకొనుచుందురని వ్రాసినాడు. మరి మన భాషలో ఈ విద్య లేకపోలేదు. మనుమంచిభట్టు రచించిన 'హయలక్షణవిలాసము' అను తెలుగు గ్రంథము గుఱ్ఱముల లక్షణములను గూర్చియే వ్రాయబడినది. గుఱ్ఱములకు శిక్షణ ఇచ్చువానికి సాహిణి అను గౌరవమైన పేరు మన శాసనములలో, కావ్యములలో కనబడును. నేర్పు కలవారికి కొదువ లేకుండెను. ఆ నేర్పు పూటపూటకు గాడివద్దకు చేరినదా లేదా అనునదే ప్రశ్న.

మధ్యాహ్నము గిట్టల పని. గిట్ట మన గోరువంటిది. నెలకు దాదాపు ఒక సెంటిమీటరు పెరుగును. ఆరేడు వారములకొకమారు నాల్‌బందు వచ్చి నాడాలు విప్పి, గిట్ట చెక్కి, మరల నాడాలు కొట్టును. అతడు వచ్చు ఊర్లు ఎక్కువై, అతనివంటివారు తక్కువైనందున మేము పదిదినములు ముందుగనే కబురు పెట్టుదుము. నడుమ దినములలో ప్రతి పూట గిట్టలోని మట్టిని, రాళ్లను ఇనుపకొక్కెముతో తీయుట మా పని. అందొక తుప్పుపట్టిన మేకు దిగినను మేము దానిని చిన్నగాయముగా ఎంచము. ధనుర్వాతమునకు గుఱ్ఱము అతి సులభముగా లోబడును. కావున ఏటేట టీకా తప్పనీయము. జోరీగల వలన వచ్చు సర్రా జ్వరము మరియొక భయము. ఆ జబ్బునకు కారణమైన సూక్ష్మజీవిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు మన ఉపఖండముననే గుఱ్ఱముల, ఒంటెల రక్తములో మొదట కనుగొన్నాడు. వానకాలపు సాయంత్రములలో వేపాకు పొగ వేయుట మాకు ఆచారము. దానితోబాటు జ్వరము వచ్చి తగ్గి మరల వచ్చుచున్నచో రక్తపరీక్ష చేయించుట మరువము.

ఇక సంపాదన. పెండ్లి ముహూర్తములున్న నెలలలో గౌరికి పని. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠములలో వరుసగా పిలుపులు వచ్చును. శ్రావణములో కొన్ని, కార్తిక మార్గశిరములలో కొన్ని. ఆషాఢము వచ్చినదా, పని లేదు. భాద్రపదము, పుష్యము అంతే. గురుమూఢమో శుక్రమూఢమో తగిలినచో మంచి నెలలు గూడ ఎండిపోవును. పంచాంగము క్రొత్తది చేతికి రాగనే ఇతరులు రాశిఫలములు చూతురు. మేము మూఢములు చూతుము. ఎన్ని దినములు సంపాదన, ఎన్ని దినములు ఖర్చు అని ఉగాదినాడే మాకు తెలిసిపోవును. సంవత్సరములో గౌరి పని చేయు దినములు నలుబది దాటిన ఏడు మంచి ఏడు. తిను దినములు మాత్రము మూడువందల అరువది యైదు.

బరాతు గుఱ్ఱము పని చూచుటకు సుఖముగా కనబడును. నిజమునకు అది గుఱ్ఱము స్వభావమునకు పూర్తిగా విరుద్ధమైనది. బాణసంచా ప్రేలుడు, ధ్వనివర్ధకముల హోరు, కన్నులలోకి దీపములు, నలువైపుల జనము. పరుగెత్తి తప్పించుకొనుటయే తెలిసిన జీవిని ఆ నడుమ కదలకుండ నిలుపవలెను. అందుకై గౌరికి రెండేండ్లు శిక్షణ ఇచ్చినాము. మొదట ఇంటివద్ద కంచము మ్రోగించి, తరువాత డప్పు వాయించి, క్రమముగా అలవాటు చేసినాము. నేటికిని దాని చెవులలో దూది పెట్టి పోవుదుము. బాణసంచా కాల్చువారికి నూరడుగుల దూరము చెప్పుదుము. వినని చోట గుఱ్ఱమును వెనుకకు మరల్చుకొని వచ్చిన సందర్భములు రెండున్నవి. ఆ రాత్రుల కూలి మాకు రాలేదు.

చట్టము గూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద, బరువు లాగు, మోయు జంతువులను గూర్చి 1965లో నియమములు చేయబడినవి. దినములో తొమ్మిది గంటలకు మించి, విరామము లేకుండ ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత ముప్పది యేడు డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు వరకు పని చేయించరాదు. ముళ్లు గల కళ్లెము వాడరాదు. మా నల్లగొండ ఎండలలో వైశాఖమాసపు పగటి బరాతులను ఈ లెక్కన చాలవరకు విడువవలసినదే. విడిచినాము గూడ.

ఇట్టి యింటిలో పిల్ల పుట్టుటకంటె పెద్ద పండుగ లేదు. ఆడుగుఱ్ఱము పదునొకండు నెలలు మోయును. ఈనుట చాలవరకు రాత్రిపూట, నిశ్శబ్దమున జరుగును. జనము గుమిగూడినచో అది నొప్పులను కొంత ఆపుకొనగలదు కూడ. కావున మేము దీపము తగ్గించి, వాకిట మంచము వేసికొని, వినుచుందుము. పుట్టిన పిల్ల గంట రెండు గంటలలో కాళ్లపై నిలువవలెను. నిలిచి, జున్నుపాలు త్రాగవలెను. రోగములను ఎదిరించు శక్తి దానికి ఆ పాలలోనే లభించును. మావి మూడు గంటలలో పడకున్నచో వైద్యునికి కబురు పోవలెను. గౌరి ఈనిన రాత్రి పిల్ల మూడుమార్లు లేవబోయి పడినది. సాయము చేయబోయిన మా చిన్నవానిని వాని నాయనమ్మ చేయిపట్టి ఆపినది. నాలుగవమారు అది తనంతట నిలిచినది.

ఇప్పుడు ముత్యాల కథ. దానికి పదునాలుగేండ్లున్నప్పుడు కుడికన్ను నీరు కారి, వెలుగు చూడలేక మూసికొనసాగినది. గడ్డిపొట్టు పడినదనుకొని మేము ఉప్పునీటితో కడిగి, పది దినములు ఊరకుంటిమి. తగ్గినది. తగ్గినందుకే మోసపోయినాము. మూడు నెలలకు మరల వచ్చినది. ఈమారు పశువైద్యుడు చూచి, ఇది కంటిలోపలి వాపు అనియు, పోయినట్లే పోయి మరల మరల వచ్చుననియు, వచ్చిన ప్రతిమారు చూపులో కొంత తినిపోవుననియు చెప్పినాడు. పాశ్చాత్యదేశములలో పూర్వులు దీనిని చంద్రుని వృద్ధిక్షయములకు ముడిపెట్టి చంద్రాంధ్యమని పిలిచినారట. లోకములో గుఱ్ఱముల అంధత్వమునకు అన్నిటికంటె ముఖ్యకారణము ఇదియే. మొదటిమారు కన్ను మూసికొన్న నాడే చుక్కలమందు, వాపు తగ్గించు మందు పడవలసినది. శ్రోతలలో గుఱ్ఱమున్నవారు గాని, గుఱ్ఱమున్నవారిని ఎరిగినవారు గాని ఈ ఒక్కమాట గుర్తుంచుకొన్నచో మా ప్రసంగము వృథా కాదు. మూసిన కంటికి ఒక్క దినము గూడ ఆగరాదు.

ఏడాదిలో కుడికన్ను, మూడేండ్లలో ఎడమకన్ను పోయినవి. గుఱ్ఱము ఇరువది యైదు, ముప్పది యేండ్లు బ్రతుకును. అనగా ముత్యాలకు మరి పదేండ్లు ఆయుర్దాయమున్నది, సంపాదన మాత్రము లేదు. ఆ ఏడు మూఢములు ఎక్కువ. ఉలవల ధర హెచ్చు. ఇంటిలో వాదన పుట్టినది. అమ్మివేయుదమని కొందరము, వలదని కొందరము. ఒక బేరగాడు వచ్చి మా అమ్మతో ఇట్లన్నాడు.

"అవ్వా, దీనికి చూపు పోయింది. ఇగ దీంతోటి మీకేం పని? నాకియ్యిరి. ఇటుకబట్టీ కాడ బండి గుంజుతది."

"గుంజుతది బిడ్డా, గుంజుతది. కిందపడ్డనాడు లేపెటోళ్లెవరు?" అని ఆమె అడిగినది.

వాడు బదులు చెప్పలేదు. చెప్పిన వెల మాత్రము ముత్యాలకు రెండు నెలల మేతకైనను చాలదు. మేము ఆ రాత్రి లెక్కలు వేసినాము. గుడ్డిదానిని అమ్మినచో రెండు నెలలు గడచును. గౌరి మొదటి కాన్పు పిల్లకు అప్పటికి మూడేండ్లు. తెల్లని ఒళ్లు, మంచి నడక. దానిని అమ్మినచో మూడింటికి ఏడాది మేత వచ్చును. మా పెద్దమ్మాయి ఆ పిల్లను తన చేతులతో పెంచినది. దానిపైననే సవారి నేర్వవలెనని కలలు గన్నది. అమ్మవలసినది దానినే అని అందరికిని తెలిసినను ఎవరును మొదట నోరు విప్పలేదు. చివరకు ఆ మాట అన్నది మా అమ్మాయియే. "ముత్యాలును వేరేవాళ్లు చూసుకోరు. దాన్నైతే చూసుకుంటరు" అన్నది.

పిల్లను మరియొక ఊరిలో, మావలెనే గుఱ్ఱములతో బ్రతుకు కుటుంబమునకు ఇచ్చినాము. అమ్మాయి నెలదినములు లాయపు గోడపై గీతలు గీయలేదు. ఆ పని మేమే చేసినాము. తరువాత ఒకనాటి ఉదయమున సుద్ద తీసికొని తానే పోయినది. ఇది సుఖాంతమని మేము చెప్పము. మంచిదానిని అమ్మి పనికిరానిదానిని ఉంచుకొన్నారని మమ్ము నవ్విన వారున్నారు. లెక్క ప్రకారము వారి మాట తప్పు గాదు. కాని పదునేడేండ్లలో ముత్యాలు బరాతులలో తెచ్చిన రూకలతోనే ఈ చెల్కలో బోరు పడినది. దాని లద్దె పడిన మళ్లలోనే మా కూరగాయలు పండినవి. ఆ లెక్కను ఎవ్వరును గోడమీద వ్రాసి యుంచలేదు.

గుడ్డిగుఱ్ఱముతో కాపురము అలవాటైనచో కష్టము కాదు. తొట్టిని, గాడిని ఎన్నడును జరుపము. నీళ్లకు పోవు దారిలో ఒక బుట్టనైనను అడ్డముంచము. గౌరి మెడలో గంట కట్టినాము. ఆ గంట ఎటు మ్రోగిన అటు ముత్యాలు పోవును. పిలువక దాపునకు పోరాదని పిల్లలకు చిన్ననాట నేర్పిన నియమమే ఇప్పుడు దానికి కన్నులైనది. ఎవరి గొంతు ఎవరిదో, ఎవరి అడుగు ఎవరిదో దానికి తెలియును. క్రొత్తగా పుట్టిన పిల్ల తల్లి బరాతునకు పోయిన రాత్రులందు ముత్యాల ప్రక్కననే నిలుచును. ఒంటరియైన పిల్ల కంచెలు దూకి కాళ్లు విరుగగొట్టుకొనును. అట్టి కావలిపని ముత్యాలది. దానికి కూలి లేదు గాని విలువ ఉన్నది.

గుఱ్ఱమును పెంచవలెనని కుతూహలము గలవారు మా వద్దకు అప్పుడప్పుడు వచ్చి సలహా అడుగుచుందురు. వారికి మేము జీనును, రంగును గూర్చి చెప్పము. మొదట వేసవిలో గూడ ఎండని నీరున్నదా చూడుడు. ఏడాది మేతకు సరిపడు సొమ్ము గుఱ్ఱము వెలకు వేరుగా ప్రక్కన పెట్టుడు. పిలిచిన నాడే రాగల పశువైద్యుడు, గిట్టలెరిగిన నాల్‌బందు ఎంత దూరములో నున్నారో కనుగొనుడు. కొన్న గుఱ్ఱమును కొన్నాళ్లు ఇతర గుఱ్ఱములకు దూరముగా ఉంచి రక్తపరీక్ష చేయించుడు. గ్లాండర్సు అను అంటువ్యాధి గుఱ్ఱమునుండి మనిషికి గూడ సోకును. అది బయటపడిన గుఱ్ఱమును ప్రాణముతో ఉంచుటకు చట్టము సమ్మతింపదు. వీనికన్నింటికి సమాధానము దొరికిన పిమ్మట చివరి ప్రశ్న. అది ముసలిదైన నాడు ఏమి చేయుదురు? దీనికి బదులు లేనివారు దానిని కొనకుండుటయే మంచిది.

సాయంకాలము మా పొయ్యిమీద ఉలవల కుండ పొంగును. గుగ్గిళ్లు మూడు గంపలలోనికి పంచబడును. ముత్యాల గంప తక్కిన వానికంటె చిన్నది. దానికి పని లేదు గనుక గింజ తక్కువ. గడ్డిమోపు మాత్రము అందరితో సమానము. వార్తలు ముగిసి రేడియో కట్టివేసిన తరువాత చీకటిలో అది గడ్డి నములు చప్పుడు మా మంచములవరకు వినబడుచుండును. ఆ చప్పుడు సమముగా సాగుచున్నంతవరకు మాకు నిద్ర పట్టును. ఆగినచో ఎవరో ఒకరము లాంతరు పట్టుకొని, గడపలో నిలిచి, దానిని పేరు పెట్టి పిలుతుము.